మన దారికి ఏ చిన్న కారు?

చిన్న కారు మాట వస్తే చాలు, మిత్రుల మధ్య వాదన మొదలు. ఒకరు అందం అంటారు, ఇంకొకరు వేగం అంటారు. నల్లమాడ పల్లెదారి మీద నిలబడి చూస్తే లెక్క వేరు.

పన్ను లెక్కల్లో నాలుగు మీటర్లు దాటితే అది చిన్న కారు కాదు. 2019 నుంచి పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కార్లు తయారు చేస్తున్న కియా వారి సోనెట్ పొడవు 3,995 మిల్లీమీటర్లు. మారుతి ఆల్టో కె10 పొడవు 3,530. రెండూ చిన్నవే! ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం సోనెట్‌కు 2,500, ఆల్టోకు 2,380. ఈ దూరం పెరిగితే గుంతల్లో కుదుపు తగ్గుతుంది. తగ్గితే ఇరుకు సందుల్లో తిప్పుకోవడం సులువు. వ్యాగనార్ ఎత్తు 1,675. తలపాగా కట్టిన తాత కూడా హాయిగా కూర్చోవచ్చు. కానీ ఎత్తు పెరిగితే గరిమనాభి పైకి పోయి, మలుపులో బండి ఒరుగుతుంది. అన్ని సుఖాలూ ఒకే బండిలో దొరకవన్నమాట.

మరి నమ్మకం సంగతి? అర్ధరాత్రి కాన్పు నొప్పులు పడే ఆడబిడ్డను కదిరి ఆస్పత్రికి చేర్చాలంటే సీటు మెత్తదనం ఎవరికి కావాలి? తాళం తిప్పగానే ఇంజను పలకాలి. ఆగితే మన మెకానిక్కు చేయి పెట్టగలగాలి. 1983లో వచ్చిన మారుతి 800ను జనం నమ్మింది ఇందుకే. 2009లో లక్ష రూపాయల కారుగా వచ్చిన నానో తయారీ 2018తో ఆగింది. చౌక ఒక్కటే చాలదు.

శెనక్కాయ పంటను నమ్ముకొని అప్పు చేసే మనం ముందు నమ్మకం, తర్వాత సుఖం, చివర సైజు చూడాలి. వాన ఎలాగూ మాట తప్పుతుంది. కారైనా తప్పకూడదు కదా!