ఓర్వకల్లు చేలల్లో హద్దురాళ్లు

కర్నూలు జిల్లా ఓర్వకల్లులో 2021 మార్చిలో విమానాశ్రయం ప్రారంభమైంది. 2024 ఆగస్టులో 2,621 ఎకరాల పారిశ్రామిక నోడ్‌కు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. వలస కూలీల సీమకు పరిశ్రమలు రావాల్సిందే. నా భయమల్లా వాటి పేరు చెప్పి మెట్టచేలల్లో పాతుతున్న ప్లాట్ల హద్దురాళ్ల గురించి. ఆ ప్లాట్లు కొన్నవాళ్లలో ఇల్లు కట్టుకునేదెందరు? శనగ, కంది పండాల్సిన నేల కంపచెట్ల పాలవుతుంది. అదే ఊళ్లో గ్రామకంఠం చాలక అన్నదమ్ములు ఒకే కప్పు కింద ఇరుక్కుంటారు. అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణకు 2020లో అవకాశమిచ్చారు, 2025లో మళ్లీ ఇచ్చారు. రుసుము కడితే తప్పు ఒప్పయిపోతే, నిబంధన పాటించినవాడికి ఏం జవాబు చెబుతాం? సాగుభూమిని ఇతర అవసరాలకు మార్చడాన్ని నియంత్రించే 2006 నాటి నాలా చట్టాన్ని కూడా ఎత్తేయాలని నిర్ణయించాక, లేఅవుట్ అనుమతినైనా గట్టిగా పట్టుకోవాలి. రేపు వచ్చే కార్మికులకు ఇళ్లు కావాలి, నిజమే. అవి ఊళ్లను ఆనుకుని రావాలి, తాగునీరు, మురుగుకాలువ సంగతి తేల్చాకే రావాలి. మహిళా పొదుపు సంఘాలతో పేరు తెచ్చుకున్న ఊరిది. ఎక్కడ కట్టాలో, ఎక్కడ కట్టకూడదో ఆ మహిళలను గ్రామసభలో అడిగి, అప్పుడు గీయండి ప్లాను.