అన్‌లిమిటెడ్ అంటే ఎంత?

2024 జూన్ 4న లోక్‌సభ ఎన్నికల ఫలితాలు వెలువడ్డాయి. నెల తిరగకుండానే జియో, ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా ఒకదాని వెంట ఒకటి చార్జీల పెంపును ప్రకటించాయి. జూలై 3, 4 తేదీల నుంచి కొత్త ధరలు అమలులోకి వచ్చాయి. పెంపు ప్లాన్‌ను బట్టి పది శాతం నుంచి పాతిక శాతం దాకా ఉంది. 109 కోట్ల మంది వినియోగదారులపై ఏడాదికి 34,824 కోట్ల రూపాయల భారం పడుతోందని కాంగ్రెస్ లెక్క తీసింది. చార్జీలను మార్కెట్టే నిర్ణయిస్తుంది, అందులో తమ జోక్యం ఉండదని ప్రభుత్వం బదులిచ్చింది. నాలుగు రోజులు మాటల యుద్ధం నడిచింది, తర్వాత అందరూ మరిచిపోయారు. ధర ఎంత పెరిగిందన్న లెక్కలు ఇరుపక్షాల దగ్గరా ఉన్నాయి. ఆ ధరకు కొంటున్న సరుకు ఏమిటన్న ప్రశ్న మాత్రం అధికారపక్షానికీ తట్టలేదు, ప్రతిపక్షానికీ తట్టలేదు.

సరుకు పేరు ‘అన్‌లిమిటెడ్’. దుకాణం బోర్డు మీద, క్రికెట్ మ్యాచ్ విరామంలో, రీచార్జ్ యాప్ మొదటి తెరపై పెద్ద అక్షరాల్లో కనిపించేది ఆ మాటే. దాని కింద రోజుకు 1.5 జీబీ లేదా 2 జీబీ అని ఉంటుంది. ఇంకా కిందికి వెళ్లి, వేలితో తెరను పెద్దది చేసుకుని చూస్తే, ఆ కోటా తీరాక వేగం 64 కేబీపీఎస్‌కు తగ్గుతుందన్న షరతు దొరుకుతుంది. కనెక్షన్ తెగదు గనుక సేవ ‘అపరిమితం’. సంస్థల వాదన ఇంతే. నిఘంటువు దగ్గర ఈ వాదన నిలవకపోవచ్చు గానీ, నియంత్రణ సంస్థ దగ్గర ఎనిమిదేళ్లకు పైగా నిలుస్తూనే ఉంది.

64 కేబీపీఎస్ అంటే సెకనుకు ఎనిమిది కిలోబైట్లు. ఒక ఎంబీ దిగడానికి రెండు నిమిషాల పైచిలుకు పడుతుంది. ఫొటోలు, బ్యానర్లతో నిండిన ప్రభుత్వ వెబ్‌సైటు మొదటి పేజీ మూడు ఎంబీలు ఉందనుకుంటే, అది తెరుచుకునే సరికి ఆరు నిమిషాలు దాటుతుంది. ఈలోగా ఓటీపీ గడువు తీరిపోతుంది. 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ ఈ దేశంలో సామాన్యుడికి ఇంటర్నెట్ తలుపు తెరిచింది. ఆ తర్వాతి కాలంలో టెలిఫోన్ తీగకు తగిలించిన మోడెములు కీచుమంటూ అందుకున్న గరిష్ఠ వేగం 56 కేబీపీఎస్. ఐదో తరం నెట్‌వర్కుల గురించి ఎర్రకోట మీద నుంచి గొప్పగా చెప్పుకుంటున్న దేశంలో, పగటి కోటా తీరిన పౌరుడు తిరిగి ఆ కీచు శబ్దాల కాలానికి వెళ్లి అర్ధరాత్రి పన్నెండు గంటల దాకా ఎదురుచూడాలి.

ప్రభుత్వ నిర్వచనాలనే పక్కన పెట్టి చూద్దాం. 2004 బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకారం 256 కేబీపీఎస్ కంటే తక్కువది బ్రాడ్‌బ్యాండే కాదు. 2013లో ఆ కనీసం 512కు పెరిగింది. 2023 జనవరిలో 2 ఎంబీపీఎస్ అయింది. అంటే కోటా తీరాక వినియోగదారుడికి దక్కేది ఇవాళ్టి కనీసంలో ముప్పయ్యో వంతు, ఇరవయ్యేళ్ల కిందటి కనీసంలో నాలుగో వంతు. యూపీఏ హయాంలో వచ్చిన 2012 జాతీయ టెలికాం విధానం 2020 నాటికి అరవై కోట్ల మందికి కనీసం 2 ఎంబీపీఎస్ అందిస్తామంది, బ్రాడ్‌బ్యాండ్‌ను హక్కుగా చూసే దిశగా వెళ్తామని కూడా చెప్పింది. ఎన్డీఏ తెచ్చిన 2018 జాతీయ డిజిటల్ కమ్యూనికేషన్ల విధానం 2022 నాటికి ప్రతి పౌరుడికీ 50 ఎంబీపీఎస్ అని రాసుకుంది. రెండు గడువులూ దాటిపోయాయి. రెండు పార్టీలూ తమ పత్రాలను మళ్లీ తెరిచి చూసిన దాఖలాలు లేవు.

ఈ దినసరి కోటా పద్ధతికి ఒక చరిత్ర ఉంది. 2016 సెప్టెంబరు 5న జియో సేవలు మొదలైనప్పుడు డేటా ఉచితం. రోజుకు 4 జీబీ దాకా పూర్తి వేగం, ఆ తర్వాత 128 కేబీపీఎస్. కొత్త సంవత్సరం కానుకగా ఉచితాన్ని పొడిగించినప్పుడు ఆ 4 జీబీ కాస్తా ఒక జీబీకి తగ్గింది. ఉచితం అయిపోయింది, డబ్బుల ప్లాన్లు వచ్చాయి, దినసరి కోటా మాత్రం ఉండిపోయింది. మిగతా సంస్థలు కూడా అదే బాట పట్టాయి. కోటా తీరాక ఇచ్చే ఆ 128 కూడా కాలక్రమంలో 64గా మారింది. చవకగా వచ్చిన డేటా ఈ దేశంలో ఎంత మార్పు తెచ్చిందో కాదనలేం. పల్లెటూరి పిల్ల పోటీ పరీక్షల పాఠాలు ఫోన్‌లో విన్నది ఆ చవక వల్లనే. ఒకప్పుడు నెలకు ఒక జీబీతో సరిపెట్టుకున్న ఇల్లు ఇప్పుడు రోజుకు ఒకటిన్నర జీబీ వాడుతోంది. అయితే నెల కోటాను రోజు కోటాగా విడగొట్టడంలో ఒక కిటుకు ఉంది. సోమవారం మిగిలిన డేటా మంగళవారానికి రాదు. పండగ రోజు అవసరం ఎక్కువ, పొలం పనుల రోజు అవసరం తక్కువ. సంస్థ కొలత మాత్రం రెండు రోజులకూ ఒకటే. మిగిలింది సంస్థ ఖాతాలోకి, చాలనిది వినియోగదారుడి ఖాతాలోకి.

సంస్థల పక్షాన చెప్పదగిన మాట లేకపోలేదు. స్పెక్ట్రమ్ అందరూ పంచుకునే వనరు. ఒక టవరు పరిధిలో పది మంది రోజంతా సినిమాలు దించుకుంటే, పక్కనున్న నూరు మందికి చెల్లింపులు కూడా సాగవు. వాడకానికి ఏదో ఒక హద్దు లేకుండా ఏ నెట్‌వర్కూ నడవదు. ఇంజనీరింగ్ పరంగా ఇది సరైన మాటే. కానీ కోటా తీరగానే వేగాన్ని తొక్కిపెట్టడానికీ, ఈ రద్దీకీ సంబంధం ఉందా? రద్దీయే కారణమైతే సాయంత్రం ఎనిమిదింటికి తగ్గిన వేగం రాత్రి పదకొండింటికి, టవరు ఖాళీగా ఉన్నప్పుడు, తిరిగి రావాలి. రాదు. సరిగ్గా అదే క్షణంలో పాతిక ముప్పై రూపాయల అదనపు డేటా ప్యాక్ కొంటే మాత్రం అదే టవరు నుంచి, అదే ఫోనుకు, అరనిమిషంలో పూర్తి వేగం వచ్చేస్తుంది. ఆ అరనిమిషంలో స్పెక్ట్రమ్ పెరగలేదు, టవరు ఎత్తు కూడా పెరగలేదు. కనుక ఇది రద్దీ నివారణ కాదు, వ్యాపారం. వ్యాపారం తప్పు కాదు. దానికి ‘న్యాయమైన వాడకం విధానం’ అని పేరు పెట్టి, ఎక్కువ వాడినవాడు ఏదో అన్యాయం చేసినట్టు చూపడమే విడ్డూరం.

5జీ వచ్చాక లెక్క మరింత వింతగా మారింది. సెకనుకు నూరు మెగాబిట్ల వేగంతో 1.5 జీబీ కోటా రెండు నిమిషాల్లో తీరిపోతుంది. ఎంత వేగం అమ్మితే అంత త్వరగా కోటా ఖాళీ అవుతుంది. అందుకే మొదట్లో 5జీ డేటాకు కోటా లేదన్నారు, అలవాటు చేశారు. 2024 జూలై పెంపుతో పాటే ఆ సౌకర్యాన్ని జియో, ఎయిర్‌టెల్ రోజుకు 2 జీబీ, ఆపై ఖరీదు ప్లాన్లకే పరిమితం చేశాయి. 5జీ ఫోను కొనుక్కున్నవాడు సైతం కింది ప్లాన్‌లో ఉంటే 1.5 జీబీ దగ్గర ఆగాల్సిందే.

ట్రాయ్ ఈ విషయంలో పూర్తిగా నిద్రపోయిందనడం న్యాయం కాదు. 2016 ఫిబ్రవరి 8న డేటా చార్జీల్లో వివక్షను నిషేధిస్తూ నిబంధనలు తెచ్చి, ఫేస్‌బుక్ ‘ఫ్రీ బేసిక్స్’ను గుమ్మంలోనే ఆపింది. అదే ఏడాది అక్టోబరులో, తీగల ద్వారా వచ్చే ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌కు కోటా తీరాక కూడా వేగం 512 కేబీపీఎస్ కంటే తగ్గరాదని ఆదేశించింది. 2020 జూలైలో, ఎక్కువ చెల్లించేవారికి ఎక్కువ వేగం ఇస్తామంటూ ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా తెచ్చిన ప్లాటినం, రెడ్‌ఎక్స్ పథకాలను ఆపమంది. ఖరీదు కస్టమర్లకు దారి ఇవ్వడమంటే మిగతావారిని పక్కకు నెట్టడం కాదా అని సంస్థలను నిలదీసింది. మంచి ప్రశ్న. ఆ ప్రశ్ననే మరో అడుగు ముందుకు తీసుకెళ్లి, కోటా తీరిన ప్రీపెయిడ్ వినియోగదారుడిని పక్కకు నెట్టడం గురించి కూడా అడగవచ్చు. 512 అడ్డుకట్ట తీగల బ్రాడ్‌బ్యాండ్‌కే ఎందుకు ఆగిపోయింది? దేశంలో ఇంటర్నెట్ వాడేవారిలో అత్యధికులకు ఉన్న ఏకైక సాధనం మొబైల్. తీగ కనెక్షన్ పెట్టించుకోగల పట్టణ మధ్యతరగతికి ఒక రక్షణ, తీగ చేరని ఊళ్లోని కూలికి మరో సూత్రం. ఈ తేడాకు సాంకేతిక కారణం కొంత ఉండవచ్చు. 512 కాకపోతే 256 పెట్టవచ్చు కదా. అంకె ఏదైనా, కనీసమంటూ ఒకటి లేకపోవడానికి మాత్రం సాంకేతికత సాకు కాదు.

వేగం తగ్గించడం హక్కును హరించడమేనా అన్న సందేహం ఉన్నవారికి ఈ దేశంలోనే ఒక అనుభవం ఉంది. 2019 ఆగస్టు 5న జమ్మూకశ్మీర్‌లో ఇంటర్నెట్ ఆగిపోయింది. 2020 జనవరి 10న అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు, ఇంటర్నెట్ ద్వారా భావ ప్రకటనకూ వృత్తి వ్యాపారాలకూ రాజ్యాంగ రక్షణ ఉందని చెప్పింది. ఆ తర్వాత సేవలు తిరిగి వచ్చాయి, కానీ 2జీ వేగంతో. 4జీ పూర్తిగా వచ్చేసరికి 2021 ఫిబ్రవరి 5 అయింది. ఆ ఏడాదిన్నరలో కొవిడ్ వచ్చింది, పాఠశాలలు ఫోన్లలోకి మారాయి, వైద్యులు చికిత్సా మార్గదర్శకాలు దించుకోవడానికి గంటలు వేచి చూశారు. వేగాన్ని తొక్కితే ఇంటర్నెట్ ఉన్నా లేనట్టేనన్న సంగతి ప్రభుత్వానికి బాగా తెలుసు, తెలుసు గనుకనే దాన్ని ఆయుధంగా వాడుకుంది. భద్రత పేరిట ప్రభుత్వం చేసినదానికి కోర్టు గడప తొక్కే అవకాశమైనా ఉంది. కోటా పేరిట సంస్థ రోజూ సాయంత్రం చేసేదానికి అదీ లేదు.

నిజానికి చట్టంలో తలుపులు మూసి లేవు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో తప్పుదోవ పట్టించే ప్రకటనలపై మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రకటనలోని ప్రధాన వాగ్దానాన్ని కింద ఇచ్చే షరతు ఖండించకూడదు, వాగ్దానం ఏ భాషలో ఉంటే షరతు కూడా ఆ భాషలోనే, కంటికి ఆనేలా ఉండాలి అన్నది వాటి సారం. తెలుగులో ‘అన్‌లిమిటెడ్’ అని ఊరించి, నక్షత్రం గుర్తు కింద చీమ తలకాయంత ఇంగ్లిష్‌లో షరతులు అచ్చేసే ప్రకటనలు దీనికి ఎంత దూరమో చెప్పనక్కర్లేదు. అదే ఏడాది ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, టెలికాం సేవల లోపాలపై వినియోగదారుల కమిషన్లకు వెళ్లవచ్చని స్పష్టం చేసింది. అయితే మూడు వందల రూపాయల రీచార్జ్ కోసం కమిషన్ మెట్లెక్కేవారు ఎందరు? ఇలాంటి చోట కదలాల్సింది ప్రాధికార సంస్థే, దానికి తనంతట తాను విచారణ చేపట్టే అధికారం ఉంది.

అమెరికాలో జరిగింది ఇదే. ‘అన్‌లిమిటెడ్’ అని అమ్మి, నెలలో కొంత వాడకం దాటాక వేగాన్ని తొక్కిందంటూ ఏటీ అండ్ టీపై ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2014 అక్టోబరులో దావా వేసింది. ఐదేళ్ల పోరాటం తర్వాత, 2019 నవంబరులో, ఆ సంస్థ ఆరు కోట్ల డాలర్లు చెల్లించి రాజీకి వచ్చింది. షరతులను స్పష్టంగా చెప్పకుండా అపరిమితమని ప్రచారం చేయరాదన్నది ఆ రాజీలో భాగం. ఈలోగా 2018లో కాలిఫోర్నియా కార్చిచ్చు వేళ శాంటా క్లారా కౌంటీ అగ్నిమాపక దళం డేటాను వెరిజాన్ తొక్కిపెట్టిన ఉదంతం బయటపడింది. మంటలార్పేవారికి సంస్థ ఇచ్చిన సలహా, ఇంకాస్త ఖరీదైన ప్లాన్‌కు మారమని. అమెరికాను ఆదర్శంగా చూపడం ఇక్కడ ఉద్దేశం కాదు, అక్కడి నెట్ న్యూట్రాలిటీ ప్రభుత్వం మారినప్పుడల్లా తలకిందులవుతుంది. కానీ ‘అన్‌లిమిటెడ్’ అన్న మాటకు ఒక అర్థం ఉండాలని అక్కడ ఒక సంస్థ పట్టుబట్టింది.

రేషన్, ఆధార్, పింఛను, పంట నమోదు లాంటి ప్రభుత్వ సైట్లకైనా కోటా తీరాక పూర్తి వేగం ఇవ్వవచ్చు కదా అనే ప్రతిపాదన ఆకర్షణీయంగా కనిపిస్తుంది. దానిలో చిక్కు ఉంది. కొన్ని సైట్లకు ఒక వేగం, మిగతావాటికి మరో వేగం అన్న సూత్రాన్ని ఒప్పుకున్న మరుక్షణం 2016లో మూసిన తలుపు తెరుచుకుంటుంది. ఇవాళ పింఛను సైటు, రేపు సంస్థ సొంత సినిమాల యాప్. అన్ని సైట్లకూ సమానంగా వర్తించే కనీస వేగమే దీనికి మందు. దానితో పాటు వాడని కోటాను మర్నాటికి మళ్లించడం, 1.5 జీబీ ప్లాన్‌ను 1.5 జీబీ ప్లాన్ అనే పిలవడం. 2024 డిసెంబరులో ట్రాయ్, డేటా అక్కర్లేని వారికి కాల్స్, ఎస్‌ఎంఎస్‌లతో మాత్రమే వోచర్లు ఇవ్వాల్సిందేనని నిబంధన మార్చింది. చార్జీల నిర్ణయం సంస్థలకే వదిలేసినా, అమ్మే తీరును సరిదిద్దే శక్తి తనకుందని దానితో తానే రుజువు చేసుకుంది.

ఇక మార్కెట్‌లో జోక్యం చేసుకోబోమన్న ప్రభుత్వ వాదన. ఈ మార్కెట్‌లో ప్రభుత్వం ప్రేక్షకురాలు కాదు. బకాయిలను వాటాలుగా మార్చుకుని వొడాఫోన్ ఐడియాలో 2023లో మూడో వంతు, 2025లో సుమారు 49 శాతం యాజమాన్యం పొందింది. బీఎస్‌ఎన్‌ఎల్ పూర్తిగా ప్రభుత్వానిదే. 2024 పెంపు తర్వాత కోపంతో బీఎస్‌ఎన్‌ఎల్‌కు మారిన లక్షల మందికి అక్కడ ఎదురైన సంగతి ఒకటుంది. చాలా ప్లాన్లలో కోటా తీరాక ప్రభుత్వ సంస్థ ఇచ్చే వేగం 64 కూడా కాదు, 40 కేబీపీఎస్. దాన్ని 512 చేయడానికి పార్లమెంటులో బిల్లు అక్కర్లేదు, ట్రాయ్ సంప్రదింపుల పత్రం అక్కర్లేదు, ప్రైవేటు సంస్థల అంగీకారమూ అక్కర్లేదు. సంచార్ భవన్ నుంచి ఒక ఉత్తర్వు చాలు.