ప్రార్థనకు ఓటమి లేదు

2014 జూన్ 12న ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు కర్మాగారం పంప్‌హౌస్‌లో నీటి ఒత్తిడి పడిపోయింది. నీళ్లు అడ్డుకోవాల్సిన బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్ వెనక్కి తన్నుకొచ్చింది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. ఇద్దరు డిప్యూటీ జనరల్ మేనేజర్లతో సహా ఆరుగురు చనిపోయారు. 2018 అక్టోబర్ 9న కోక్ ఓవెన్ గ్యాస్ పైపులైను దగ్గర మంటలు లేచి పదిమందికి పైగా ప్రాణాలు పోయాయి. ఏ పైపు, ఏ వాల్వు, పనికి అనుమతి ఎవరిచ్చారు? ప్లాంటులో ప్రమాదం జరిగితే అడిగే ప్రశ్నలివే.

గేటు దాటి టౌన్‌షిప్‌లోకి వస్తే ప్రశ్నలు మారిపోతాయి. ఇలాంటి ప్రమాదం జరిగిన రోజు డ్యూటీ లేక బతికినవాడు ప్రార్థన కూటంలో లేచి, ప్రభువే కాపాడాడని సాక్ష్యం చెబుతాడు. డ్యూటీకి వెళ్లి పోయినవాడి ఇంట్లో, ప్రభువు పిలుచుకున్నాడంటారు. కాలిన గాయాలతో సెక్టార్ 9 ఆసుపత్రిలో నెలల తరబడి పడి ఉన్నవాడికి అది విశ్వాస పరీక్ష. మూడింటికీ ఒకటే స్తోత్రం.

భర్త పోయిన ఇల్లాలికి ఆ మాట ఊరటనిస్తే కాదనడానికి నేనెవరిని? నా పేచీ ఊరటతో కాదు, దాన్నే రుజువుగా చూపే తర్కంతో. ఏం జరిగితే ప్రార్థన విఫలమైందని ఒప్పుకుంటారని అడిగి చూడండి. జవాబు రాదు. గ్యాస్ ఉన్నా లేకున్నా పచ్చదీపమే చూపించే మానిటర్‌ను ఏ ఫోర్‌మనూ చేతికివ్వడు. ఆ దీపం అబద్ధం చెబుతోందని కాదు, అసలు ఏమీ చెప్పడం లేదని.

ప్రార్థనను నిజంగానే పరీక్షకు పెట్టినవాళ్లున్నారు. అమెరికాలో 6 ఆసుపత్రుల్లో బైపాస్ సర్జరీ చేయించుకున్న 1,802 మందిపై జరిగిన అధ్యయనం ఫలితాలు 2006లో వచ్చాయి. మీ కోసం ఇతరులు ప్రార్థన చేయవచ్చు, చేయకపోవచ్చు అని మాత్రమే చెప్పిన రెండు బృందాల్లో, నిజంగా ప్రార్థన జరిగినవారిలో 52 శాతం మందికి, జరగనివారిలో 51 శాతం మందికి శస్త్రచికిత్స తర్వాత ఇబ్బందులు వచ్చాయి. తమ కోసం తప్పక ప్రార్థిస్తున్నారని తెలిసినవారిలో అది 59 శాతం. ఈ లెక్క చూపిస్తే, దేవుణ్ణి పరీక్షించకూడదు కదండీ అంటారు. మంచిదే. మరి స్వస్థత కూటాల్లో రోగం పేరు, డాక్టరు మాట, నయమైన తారీఖుతో సహా చెప్పే సాక్ష్యం ఏమిటి? ఫలితం అనుకూలంగా ఉంటే పరీక్ష సరే, ఎదురు తిరిగితే పాపం!

ఇక్కడ ఇంకొక వాదన ముందుకొస్తుంది: క్రీస్తు వల్ల ఎన్ని బతుకులు బాగుపడ్డాయో చూడండి అని. బాగుపడ్డాయి. తెలుగువాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జూలైలో, ఒకే రోజున, 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. వాళ్లు బియ్యానికి అమ్ముడుపోయారని వెక్కిరించేవాళ్లకు, ఊరి బావి దగ్గరికి రానివ్వని మనుషులు ఏం కోరుకుంటారో తెలియదు. బడి, పలక, మనిషిగా పిలుపు: ఇవి చిన్నవి కావు. కానీ మేలు జరిగినంత మాత్రాన ఆ నమ్మకం నిజమైపోదు. అలా అయితే భిలాయిని నిలబెట్టడానికి సాయపడిన సోవియట్ ఇంజనీర్ల నాస్తికత్వం కూడా నిజమని ఒప్పుకోవాలి. 1959 ఫిబ్రవరిలో ఇక్కడ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగించినప్పటి నుంచి వేల కుటుంబాలు ఈ కర్మాగారం మీదే బతికాయి.

ఈ వాదన నేను హాయిగా సాగించగలిగేవాణ్ణి, పక్కన లాఠీ లేకపోతే. 2025 జూలై 25న, భిలాయికి పక్కనే ఉన్న దుర్గ్ రైల్వే స్టేషన్‌లో, బజరంగ్‌దళ్ ఫిర్యాదుపై ఇద్దరు కేరళ క్రైస్తవ సన్యాసినులను, వారితో ఉన్న ఒక ఆదివాసీ యువకుణ్ణి అరెస్టు చేశారు. మానవ అక్రమ రవాణా, బలవంతపు మతమార్పిడి అని కేసు. వెంట ఉన్న ముగ్గురు యువతుల కుటుంబాలేమో తాము ముందునుంచీ క్రైస్తవులమేనన్నాయి. ఆగస్టు 2న బిలాస్‌పూర్ ఎన్ఐఏ కోర్టు బెయిలిచ్చింది. అప్పటి నుంచి నాకు అక్కర్లేని మిత్రులు దొరుకుతున్నారు. మీరనేదే మేమూ అంటున్నాం అంటారు. కాదు. నా అభ్యంతరం ఆ నమ్మకానికి రుజువు లేదని. వాళ్ల అభ్యంతరం అది పరాయివాళ్ల నమ్మకమని. 1995లో వినాయకుడు పాలు తాగుతున్నాడని చెంచాలతో క్యూ కట్టినప్పుడు ఈ మిత్రులెవరూ నాతో లేరు.

రుజువులడిగేవాడికి చర్చి వైపు నుంచీ పోలీసులే ఎదురైన సందర్భం ఉంది. 2012లో ముంబైలో శిలువ నుంచి కారుతున్న నీరు మురుగు కాలువ నుంచి గోడ గుండా ఎక్కిందని చూపించిన హేతువాది సనల్ ఎడమరుకుపై కేథలిక్ సంఘాలు, మత భావాలను గాయపరిచారంటూ ఐపీసీ 295ఎ కింద ఫిర్యాదు చేశాయి. ఆయన ఫిన్లాండ్ వెళ్లిపోవలసి వచ్చింది.

ఛత్తీస్‌గఢ్‌కు మధ్యప్రదేశ్ నుంచి వారసత్వంగా వచ్చిన 1968 నాటి చట్టంలో ఒక వింత ఉంది. దేవుడి ఆగ్రహం తగులుతుందని బెదిరించడాన్ని కూడా బలప్రయోగం కిందే లెక్కగట్టింది. నరకం లేదని నేను నమ్ముతాను. ప్రభుత్వం మాత్రం అది లాఠీ అంత గట్టిదని రాసిపెట్టింది. రాయపూర్ నుంచి వెళ్లిన స్టానిస్లాస్ కేసులో 1977లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థిస్తూ, మత ప్రచార హక్కులో మతం మార్చే హక్కు లేదంది. ఎదుటివాడు మారకూడదనుకుంటే ప్రచారం దేనికి? ఆ చట్టం లెక్కలో మార్పిడి అంటే ఒక మతం వదిలి మరొకటి పట్టుకోవడం. కాబట్టి పాస్టర్ ఒకరికి బాప్తిస్మం ఇస్తే కలెక్టరుకు తెలియజేయాల్సి వచ్చేది. నేను పదిమందిని నాస్తికులను చేస్తే ఎవరికీ ఉత్తరం రాయనక్కర్లేకపోయేది. అలాంటి వెసులుబాటు నాకొద్దు.