కాలు జారలేదు, నిచ్చెన ఇయ్యలేదు

అద్దాలు తుడిచే కూలి పైనుంచి పడి చచ్చిపోతే పేపర్ల నాలుగు లైన్లు వస్తయి. ‘ప్రమాదవశాత్తు కాలు జారి’ అని. కాలు ఎందుకు జారింది? ఆ కాలు పెట్టిన చోటు ఏంది? నిచ్చెన ఎవడిచ్చిండు? కింద పట్టుకున్నదెవరు? ఇవి అడిగితే నేరం చచ్చినోడి కాలు మీది నుంచి లేచి యజమాని మెడకు చుట్టుకుంటది. అందుకే అడగరు.

1998లో సైబర్ టవర్స్ తెరిచిన కాడి నుంచి హైదరాబాద్ పడమటి దిక్కంతా అద్దాల గోడలు లేచినయి. అద్దం మీద దుమ్ము పడతదని కట్టినోడికి తెల్వదా? కట్టేటప్పుడే పైకప్పు మీద తాళ్లకు గట్టి కొక్కేలు, జూలా దింపే ఏర్పాటు పెట్టాలె. పని తాడు ఒకటి, ప్రాణం తాడు ఇంకొకటి, రెండూ వేర్వేరు కొక్కేలకు కట్టాలె. నాలుగైదు అంతస్తుల దాకా అయితే నీళ్ల గొట్టం బిగించిన పొడుగు కర్రతో నేల మీద నిలబడే కడగొచ్చు. ఇవన్నీ ఖర్చు. మనిషి అగ్గువ.

టవర్ల సంగతి అట్లుంచండి. స్కూళ్లు, ఆసుపత్రులు, ఫంక్షన్ హాళ్లల్ల కిటికీ పన్నెండడుగుల ఎత్తుంటది. టేబుల్ మీద స్టూలు, స్టూలు మీద మన అక్క. కుచ్చిళ్లు బొడ్లో దోపి, ఒక చేత్తో ఊచ పట్టుకొని, ఇంకో చేత్తో తడిగుడ్డ. కింద సబ్బునీళ్లు. నిచ్చెన అడిగితే సూపర్‌వైజర్ ‘జాగ్రత్తగా ఎక్కమ్మా’ అంటడు. ఆయన స్టోరులో దొరికే సామాను ఆ జాగ్రత్త ఒక్కటే!

ఇంకో మాట అంటరు: ‘వాళ్లకు భయముండదు సార్, అలవాటే.’ ఎవళ్లకు? ఆ ‘వాళ్లు’ అన్న మాటలో ఏ వాడ ఉన్నదో మనకు తెల్వదా! తాళ్లెక్కే గీత కార్మికుడు మోకు లేకుండ ఎక్కడు. అలవాటున్నోడికే పడుడు అంటే ఏందో తెలుసు. మోకు ఒక్కటే చాలదనే 2024లో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్షా కవచం పేరుతో వాళ్లకు కిట్లు ఇయ్యడం మొదలుపెట్టింది. మంచిదే. తాటిచెట్టుకు కవచమున్నప్పుడు అద్దాల గోడకు ఎందుకుండదు?

బాబాసాహెబ్ 1920లో ‘మూక్‌నాయక్’ తొలి సంచికలో హిందూ సమాజాన్ని మెట్లు లేని అంతస్తుల బురుజుతో పోల్చిండు. ఏ అంతస్తులో పుట్టినోడు ఆ అంతస్తులోనే చావాలె. ఇప్పుడు మనల్ని పై అంతస్తుల దాకా ఎక్కిస్తున్నరు, కాని బయటి దిక్కు నుంచి. తుడిచి దిగిపో అంటరు. దిగేటందుకు సరైన నిచ్చెన కూడ ఇయ్యరు.

నిచ్చెన లెక్క మనకూ తెల్వాలె, కొట్లాటకు పనికొస్తది. నిచ్చెన 16 అడుగుల ఎత్తుల గోడకు ఆనితే దాని కాళ్లు గోడకు 4 అడుగుల దూరంల ఉండాలె. నాలుగుకు ఒకటి. పై కొసను అద్దానికి ఆనించొద్దు, గోడకే ఆనించాలె. పై మూడు మెట్ల మీద నిలబడొద్దు. చేయి అందకపోతే ఒంగొద్దు, దిగి నిచ్చెన జరపాలె. బొడ్డు రెండు నిలువు కర్రల నడుమనే ఉండాలె. బకెట్ చేత పట్టుకొని ఎక్కొద్దు. కరెంటు తీగల దగ్గర అల్యూమినియం నిచ్చెన తెస్తే ఎక్కనే ఎక్కొద్దు. ఇవేవీ కొత్తగ కనిపెట్టినయి కావు. నిచ్చెనల భద్రత మీద భారత ప్రమాణాల సంస్థ 1991లోనే ఐఎస్ 3696 రెండో భాగం అచ్చేసింది. ఎన్ని ఆఫీసులల్ల తెరిచి చూసిన్రు?

పడ్డంక ‘వాడు మా మనిషి కాదు, కాంట్రాక్టరు మనిషి’ అంటరు. తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టుకిచ్చినా దెబ్బ తగిలితే అసలు యజమానే పరిహారం కట్టాలని 1923 నాటి చట్టమే చెప్పింది. ఇప్పటి సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ సూత్రమున్నది. అద్దాలు తుడుచుడు మా వ్యాపారం కాదని వాళ్ల వకీలు వాదిస్తడు. ఊడ్వకుండ, తుడవకుండ ఆ ఆఫీసును ఒక్క నెల నడిపి చూపించమనండి.

అక్కలారా, తమ్ముల్లారా! నిచ్చెన కావాలని నోటితో కాదు, కాయితం మీద రాసి అడగండి. పదిమంది కలిసి సంతకాలు పెట్టండి, ఒక్కరు పెడితే తెల్లారి పనిల ఉండరు. కింద పట్టుకునే రెండో మనిషికి కూలి ఎవడిస్తడని కాంట్రాక్టరు అడుగుతడు. బిల్డింగు ఓనరిస్తడు. ఇయ్యనంటే ఆ కిటికీ దుమ్ముతోనే ఉండనీయండి.