పిట్టపోరులో మద్దతు ధర

ఢిల్లీలో ప్రభుత్వం ఎవరి భుజాల మీద నిలబడిందో ఒకసారి లెక్క చూద్దాం. 2024 జూన్ ఫలితాల్లో బీజేపీకి 240 సీట్లు వచ్చాయి. మెజారిటీకి 272 కావాలి. తక్కువపడినవి 32. అందులో 28 రెండు ప్రాంతీయ పార్టీలే పూడ్చాయి. తెలుగుదేశానివి 16, బీహార్‌లోని జేడీయూవి 12. కూటమి మొత్తం బలం 293. ఆ లెక్కన తెలుగుదేశం ఒక్కటే తప్పుకుంటే 277 మిగులుతాయి, జేడీయూ ఒక్కటే తప్పుకుంటే 281. ఎలా చూసినా ప్రభుత్వం పడదు. ఇద్దరూ ఒకే మాట మీద నిలబడితే మాత్రం మిగిలేది 265. అప్పుడు నిలవదు.

అంటే విడివిడిగా వెళ్తే ఈ పార్టీలు అడుక్కునేవాళ్లు, కలిసి వెళ్తే అడిగి తీసుకునేవాళ్లు. కానీ ఆ ఫలితాలు వచ్చిన రోజు నుంచి జరుగుతున్నది ఒకరితో ఒకరు పోటీ. మీకెంత ఇచ్చారు, మాకెంత ఇచ్చారు అన్నదే గొడవ.

2024 జూలై 23 బడ్జెట్ గుర్తు చేసుకోండి. అమరావతికి 15,000 కోట్లు అన్నారు. అందులో ఎక్కువ భాగం ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకుల అప్పు. బీహార్ రోడ్లకు 26,000 కోట్లు, వరదల నివారణకు 11,500 కోట్లు అన్నారు. ఎవరిది పైచేయి అని టీవీల్లో చర్చలు పెట్టారు. తర్వాతి బడ్జెట్‌లో బీహార్‌కు మఖానా బోర్డు వచ్చింది, పశ్చిమ కోసీ కాలువకు సాయం ప్రకటించారు. అంతకు కొద్ది రోజుల ముందే విశాఖ ఉక్కుకు 11,440 కోట్ల ప్యాకేజీ వచ్చింది.

ఇవేవీ వద్దని మేం అనడం లేదు. భూములిచ్చిన రైతులకు రాజధాని కట్టి చూపించాల్సిందే. పోలవరం పూర్తి కావాల్సిందే. చెరువుల్లో నడుంలోతు నీళ్లలో దిగి మఖానా తీసే రైతుకు బోర్డు వస్తే మాకు అసూయ లేదు. మా ప్రశ్న వేరు. రెండు రాష్ట్రాల రైతుకూ ఒకేలా అవసరమైన గిట్టుబాటు ధర గురించి ఈ ఇద్దరిలో ఎవరు పట్టుబట్టారు? పంటకు ధర అనేది ఒక రాష్ట్రానికి రాసిచ్చే ప్యాకేజీ కాదు. ఇస్తే దేశమంతటికీ ఇవ్వాలి. కాబట్టి దాన్ని తెచ్చామని ఏ ఒక్క పార్టీ జెండా కట్టుకుని ఊరేగలేదు. అందుకే ఎవరికీ పట్టలేదు.

ఈ పోటీ వల్ల ఎంత నష్టమో ప్రత్యేక హోదా విషయంలోనే చూశాం. ఆంధ్రప్రదేశ్ అడిగింది అదే, బీహార్ అడిగింది అదే. 2018 మార్చిలో హోదా కోసం తెలుగుదేశం కూటమి నుంచి బయటికొచ్చి, జూలైలో అవిశ్వాస తీర్మానం పెట్టింది. అప్పుడు జేడీయూ ప్రభుత్వం పక్షాన నిలబడింది. తీర్మానం 126-325 తేడాతో వీగిపోయింది. 2024 జూన్‌లో హోదా గానీ ప్యాకేజీ గానీ ఇవ్వాలని జేడీయూ తీర్మానం చేసింది. ఈసారి తెలుగుదేశం హోదా మాట పక్కనపెట్టి రాజధానికి, పోలవరానికి నిధులు అడిగింది. బడ్జెట్‌కు ఒక్క రోజు ముందు, జూలై 22న, బీహార్‌కు హోదా కుదరదని కేంద్రం పార్లమెంటులో చెప్పేసింది. ఒకే కోరిక, రెండు పార్టీలు. ఇద్దరూ కలిసి తమ మద్దతును పణంగా పెట్టి అడిగిన రోజు లేదు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందంటే ఇదే.

ఇక మన పంటల సంగతి. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోతే, మద్దతు ధర లేని పంట కాబట్టి రాష్ట్రం ఢిల్లీకి విన్నపాలు పంపాల్సి వచ్చింది. మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు లెక్కగట్టి, 2.58 లక్షల టన్నుల పరిమితి పెట్టారు. అదే సంవత్సరం ఆగస్టు 19 నుంచి పత్తి మీద 11 శాతం దిగుమతి సుంకం ఎత్తేశారు. మొదట సెప్టెంబర్ 30 వరకు అన్నారు, తర్వాత డిసెంబర్ 31 దాకా పొడిగించారు. కర్నూలు నుంచి ఆదిలాబాద్ దాకా మన పత్తి మార్కెట్‌కు వచ్చే రోజులు సరిగ్గా అవే. ఈ సుంకం కోసం మద్దతు వెనక్కి తీసుకుంటామని ఏ మిత్రపక్షమూ అనలేదు.

బీహార్ రైతు మనకంటే బాగున్నాడా? 2006లో అక్కడ మార్కెట్ కమిటీల చట్టాన్నే రద్దు చేశారు. ధాన్యమైనా మొక్కజొన్నైనా వ్యాపారి చెప్పిందే ధర. 2025-26కి సాధారణ రకం ధాన్యానికి 2,369, మొక్కజొన్నకు 2,400 రూపాయల మద్దతు ధర కాగితం మీద ఉంది. ఆ ధర అందని రైతు అక్కడా ఉన్నాడు, ఇక్కడా ఉన్నాడు. మన పొలాల్లో నాట్లు వేయడానికి బీహార్ నుంచి కూలీలు వస్తున్నారు. సొంత ఊళ్లో ఎకరమో అరెకరమో ఉన్నవాళ్లూ వాళ్లలో ఉన్నారు. ఉన్న భూమి తిండి పెట్టక వెయ్యి మైళ్లు వచ్చి మన మడిలో వంగుతున్నారు. నాయకులకు పోటీ ఉంది గానీ, ఆ రైతుకూ మనకూ ఏం పోటీ?

రాష్ట్రంలోనూ వాటాల గోలే. ఇక్కడ తెలుగుదేశం, జనసేన రెండూ ప్రాంతీయ పార్టీలే. వ్యవసాయ శాఖ ఒకరిది, ధాన్యం కొనే పౌరసరఫరాల శాఖ మరొకరిది. మార్కెట్ కమిటీ చైర్మన్ పదవులను ఏ పార్టీకెన్ని అని పంచుకుంటారు. సహకార సంఘాలకు 2013 తర్వాత ఎన్నికలే లేవు, నామినేటెడ్ కమిటీలతోనే నడుపుతున్నారు. కుర్చీ ఎవరి వాటాకు వస్తుందన్న తగవు తప్ప, గోనెసంచి అందిందా, తేమ పేరుతో ఎంత కోశారు అని అడిగే నాథుడు లేడు.

కొందరు అంటారు, ఎంపీ పని తన రాష్ట్రానికి నిధులు తేవడమే కదా, దేశం మొత్తం రైతుల సంగతి అతనికెందుకని. ధర రాని రాష్ట్రానికి రోడ్డు వేస్తే ఆ రోడ్డు మీద పోయేది నష్టానికి అమ్మిన పంటే. పైగా ఈ కోరిక గాలిలోంచి పుట్టింది కాదు. సాగు ఖర్చు మీద 50 శాతం కలిపి ధర ఇవ్వాలని స్వామినాథన్ కమిషన్ 2006లోనే చెప్పింది. మద్దతు ధరకు చట్టబద్ధత కల్పించాలని 2024 డిసెంబర్‌లో పార్లమెంటు వ్యవసాయ స్థాయీ సంఘమే సిఫారసు చేసింది. 2024 జూన్‌లో ఏర్పడిన మంత్రివర్గంలో వ్యవసాయ సహాయ మంత్రి పదవి జేడీయూకి, గ్రామీణాభివృద్ధి సహాయ మంత్రి పదవి తెలుగుదేశానికి దక్కాయి. చేతిలో శాఖలున్నాయి, వెనక సీట్లున్నాయి. లేనిది కలిసి అడిగే మనసు.

ఆ మనసు దానంతట అది రాదు. 2020లో అకాలీదళ్ సంగతి చూడండి. ఆర్డినెన్సులు వచ్చినప్పుడు కూటమిలోనే ఉంది, వాటిని సమర్థించింది. పంజాబ్ రైతు రోడ్డెక్కాక సెప్టెంబర్‌లో మంత్రి పదవి వదిలి బయటికొచ్చింది. లోక్‌సభలో దానికి ఉన్నవి రెండే సీట్లు. అది పోతే ప్రభుత్వానికి చీమ కుట్టినట్టు కూడా లేదు. అయినా 2021 నవంబర్‌లో మూడు చట్టాలూ వెనక్కి పోయాయి. ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాది కూర్చున్న రైతు వల్ల పోయాయి. అప్పుడు సీట్ల బలం లేకపోయినా సాధించాం. ఇప్పుడు మన ఓటుతో గెలిచినవాళ్ల దగ్గరే ఆ బలం ఉంది.

కాబట్టి ఈ నెల ప్రతి మండల కమిటీ ఒక పని పెట్టుకోవాలి. మన ఎంపీ ఏ పార్టీ అయినా సరే, వెళ్లి మూడు ప్రశ్నలు రాసి ఇద్దాం. మద్దతు ధర చట్టం కోసం మిగతా మిత్రపక్షాలతో కలిసి ఉమ్మడి లేఖ ఇస్తారా? పత్తి సుంకం మీద మీ పార్టీ వైఖరి ఏమిటి? స్థాయీ సంఘం సిఫారసు మీద సభలో మాట్లాడతారా? జవాబు రాతపూర్వకంగా అడుగుదాం. బీహార్ రైతు సంఘాలు అక్కడి ఎంపీలకు ఇవే ప్రశ్నలు ఇచ్చేలా మాట్లాడుకుందాం. ఎంత తెచ్చారని అడగడం చాలు. ఎవరితో కలిసి అడిగారని ఇక అడుగుదాం.