దివిసీమ... ఏ దివి?

కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున మంగినపూడి తీరంలో నిలబడితే కడలి ఎక్కడ ముగుస్తుందో, నింగి ఎక్కడ మొదలవుతుందో తెలియదు. సముద్రస్నానానికి వచ్చిన వేలమంది తలెత్తి తూర్పుకు దండం పెడతారు. ఆ పైనున్నదాన్నే పెద్దలు ‘దివి’ అన్నారు. అక్కడికి నైరుతిగా, కృష్ణ దిగువన ఉన్న సీమ పేరూ దివే. మరి రెండూ ఒకటేనా?

ముందు పైనున్న దివి సంగతి చూద్దాం. వెలుగు అనే అర్థమున్న పాత ధాతువు నుంచి పుట్టిన మాట ఇది. దేవుడు, దివ్యం, దివసం... అన్నీ దాని చుట్టాలే. వేదాల్లో ఆకాశాన్ని ‘ద్యౌః’ అని తండ్రిగా కొలిచారు. గ్రీకుల జ్యూస్, రోమన్ల జూపిటర్ పేర్లూ ఆ కుదురువే. తమాషా ఏమిటంటే, సంస్కృతంలో ‘దివి’ అంటేనే ‘ఆకాశంలో’ అని అర్థం. ‘భువి’ అంటే ‘భూమ్మీద’. తెలుగువాళ్లు విభక్తితో సహా తెచ్చుకుని రెంటినీ పేర్లు చేసేసుకున్నారు. అందుకే ‘దివిలో’ అన్నా మనకు తప్పనిపించదు.

ఇక దివిసీమ. ఇక్కడి దివి ద్వీపం నుంచి వచ్చింది. రెండు పక్కలా నీళ్లున్న నేల అని ఆ మాటకు అర్థం. దీపం దివ్వె అయినట్టే ద్వీపం దీవి, దివి అయింది. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలుతుంది. ఆ పాయల నడుమ, సముద్రం అంచున ఉన్న నేలే ఇది. సాగరసంగమం దగ్గరి ఊరు హంసలదీవి పేరులో ఆ దీర్ఘం ఇంకా చెక్కుచెదరలేదు. 13వ శతాబ్దంలో కాకతీయ గణపతిదేవుడు గెలుచుకున్నది ఈ దీవినే. ఇక్కడి అయ్య వంశపు ఆడపడుచులు నారాంబ, పేరాంబలను ఆయన పెళ్లాడాడు. వాళ్ల సోదరుడు జాయపసేనాని ‘నృత్తరత్నావళి’ రాశాడు. అంతదూరాన ఉన్న మాల్దీవుల పేరులోనూ ఈ దీవే ఉంది. అక్కడివాళ్ల భాష పేరు దివెహి!

అయినా దివిసీమ అనగానే చాలామందికి స్వర్గమే గుర్తొస్తుంది. పచ్చటి వరిచేలు చూస్తే కాదనబుద్ధి కాదు. కానీ 1977 నవంబరు 19న ఆ పేరుకు అసలు అర్థమేమిటో సముద్రం చూపించింది. ఉప్పెన సుమారు 5 మీటర్ల ఎత్తున ఊళ్లమీద పడింది. అధికారిక లెక్కల్లోనే 10 వేలమంది ప్రాణాలు పోయాయి. మిన్నూ మన్నూ ఏకమవడం అంటే ఏమిటో బతికి బయటపడ్డవాళ్లకే తెలుసు. తీరగ్రామాల్లో తుఫాను షెల్టర్లు లేచింది ఆ తర్వాతే.

సొంత సీమను స్వర్గమని మురిసిపోతే తప్పేం లేదు. పిల్లలకు చెప్పేటప్పుడు మాత్రం రెండో అర్థాన్నీ వదలకూడదు. ఈ పేరు పెట్టిన పాతకాలపువాళ్లు ముందు చూసింది నీళ్లకేసే మరి!