‘పంపబడినది’ – ఎవరిచేత?

వస్తువు కొనడమంటే ఒకప్పుడు అంగడికి పోయి, చేత్తో పట్టుకు చూసి, బేరమాడి తెచ్చుకోవడం. ఇప్పుడు ఫోనులో వేలితో నొక్కి, చాలాసార్లు డబ్బు కూడా ముందే కట్టి, కూర్చుని ఎదురుచూడటం. ఆ ఎదురుచూపులో కొన్నవాడి దగ్గర ఉండేదేమిటి? వస్తువు లేదు, డబ్బు లేదు, అమ్మినవాడి ముఖం అంతకన్నా లేదు. ఉన్నదల్లా తెర మీద రెండు మాటలు – ‘షిప్డ్’ అనో, ‘ప్రాసెసింగ్’ అనో, తెలుగు పెట్టుకున్నవారికైతే ‘పంపబడినది’ అనో. ఆ మాటలే రసీదు, అవే సాక్ష్యం, అవే హామీ. వాటిని గూర్చి సావనీరులో రాయవలసినంత ఏముందని మా గదిలో మిత్రులు నవ్వారు. ఉన్నదనే నా మనవి.

అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ రెండూ 2020లో తెలుగులో కనిపించడం మొదలుపెట్టాయి. దరిమిలా చిన్నా పెద్దా యాప్‌లు అనేకం తెలుగు చొక్కా తొడుక్కున్నాయి. ఇంగ్లీషు రానివాడు కూడా కొనగలవాడేనని వ్యాపారులు గ్రహించినందుకు సంతోషించవలసిందే. అయితే తెలుగు లిపి వేరు, తెలుగు మాట వేరు. అక్షరాలు తెలుగువైనంత మాత్రాన వాక్యం తెలుగు కాదు.

మా ఈపూరు వైపు జరిగిన సంగతి ఒకటి చెబుతాను. 2021లో మిర్చి మీద నల్ల తామర పురుగు విరుచుకుపడింది మొదలు, మందు కొట్టే పంపు ఒక్కరోజు మూలబడినా రైతుకు నిద్ర పట్టదు. మా వీధిలో వరసకు పెదనాన్న అయ్యే ఒకాయన, పంపు మోటారు కాలిపోతే ఫోనులో కొత్తది తెప్పించాడు. నాలుగోరోజు పొద్దున్నే తెర మీద ‘పంపిణీ కొరకు వెలుపల ఉన్నది’ అని పడింది. “వెలుపలంటే యాడరా? వానొస్తే తడవదూ?” అని నన్నడిగాడు. ఇంగ్లీషులో ‘ఔట్ ఫర్ డెలివరీ’ అని ఉండే మాటను ముక్కకు ముక్క తెలుగు చేస్తే ఇదీ ఫలితం. ఇవాళ ఇంటికొస్తుంది కాబోలుననుకుని, పిలుచుకున్న కూలీలను వద్దని, రోజంతా అరుగు మీద కూర్చున్నాడు. పార్సిలు వినుకొండలో కొరియర్ ఆఫీసులోనే ఉంది. ఊళ్లకు తెచ్చివ్వరట, మనమే పోయి తెచ్చుకోవాలట! ఆ ముక్క తెర మీద ఎక్కడా లేదు. కంపెనీ పేరు అనవసరం. ఒకరి పేరు చెబితే మిగతావారంతా ఉత్తములైపోతారు.

ఈ యాప్‌ల తెలుగుకు మొట్టమొదటి జబ్బు ‘బడు’. పంపబడినది, స్వీకరించబడినది, రద్దు చేయబడినది, తిరస్కరించబడినది! మన ఇళ్లలో ఎవరైనా ‘అన్నం వండబడినది, రండి’ అని పిలుస్తారా? ఇది ఉత్త అందచందాల తగాదా అయితే నేను కలం పట్టేవాణ్ణి కాను. ‘బడు’లో చేసినవాడు మాయమైపోతాడు, అదీ నా బాధ. ‘ఆర్డరు రద్దు చేయబడినది’ – ఎవరిచేత? నా వేలు తగిలి నేనే రద్దు చేశానా? సరుకు లేక అమ్మేవాడు చేశాడా? డబ్బు బ్యాంకు దాటలేదని కంపెనీ చేసిందా? మూడింటికీ తర్వాత చేయవలసిన పని మూడు విధాలు గదా! ‘మీరు రద్దు చేశారు’, ‘అమ్మేవారు రద్దు చేశారు’ అని విడదీసి చెబితే సగం తగవులు పుట్టనే పుట్టవు. తెలుగు క్రియ చివర కర్త కూర్చునే ఉంటాడు. ‘పంపాం’ అన్న రెండక్షరాల్లో, పంపింది మేమేనని పంపినవాడు ఒప్పుకుంటున్నాడు. తెర ఇరుకు, పెద్ద మాటలు పట్టవు అని ప్రోగ్రాములు రాసే మిత్రులంటారు. అయ్యా, ‘పంపబడినది’ పొడుగా, ‘పంపాం’ పొడుగా?

రెండో జబ్బు, ఊళ్లో ఇదివరకే వేరే పనిలో ఉన్న మాటను పట్టుకొచ్చి తెర మీద పెట్టడం. ‘పంపిణీ’ అంటే మా వైపు రేషను బియ్యం, పింఛన్లు. ఫోనులో ‘పంపిణీ పూర్తయింది’ అని మనవడు చదివి వినిపిస్తే, తనకు రావలసినదేదో అందరికీ పంచేశారని ముసలమ్మ కంగారుపడితే తప్పెవరిది? పోనీ ‘డెలివరీ’ అందామా అంటే, ‘డెలివరీ అయింది’ అనగానే మా ఊళ్లో ముందడిగేది ఆడపిల్లా, మగపిల్లాడా అని! ‘షిప్డ్’ సంగతి సరేసరి. ఇంగ్లీషులో ఓడ మీద పంపినా లారీ మీద పంపినా అదే మాట చెల్లుతుంది; పల్నాటికి సముద్రం ఎక్కడుంది?

ఇంకొకటి సూక్ష్మమైనది. పుస్తకాల్లో ‘వస్తుంది’ వేరు, ‘వస్తోంది’ వేరు. మొదటిది రాబోయేది, రెండోది దారిలో ఉన్నది. మా నోట రెంటికీ ‘వస్తంది’ ఒక్కటే. పైగా చిన్న తెర మీద, చేలో ఎండకు, కళ్లజోడు లేకుండా ఆ కొమ్ముకూ ఓత్వానికీ తేడా కనబడేది ఎంతమందికి? కాబట్టి క్రియ ఒక్కదాని నెత్తిన భారమంతా వేయక చోటో, రోజో చేర్చాలి. ‘వినుకొండ చేరింది’, ‘మంగళవారం మీ ఊరు వస్తుంది’ అంటే పొరపడేవాడు లేడు.

మరి మంచి మాటలు ఎక్కడ దొరుకుతాయి? నన్నడిగితే గుంటూరు మిర్చి యార్డులో. మా వైపు మిర్చి చాలావరకు అక్కడికే పోతుంది. టిక్కీలు లారీ ఎక్కింది మొదలు డబ్బు చేతికొచ్చేదాకా సరుకు ఎన్ని మెట్లు దాటుతుందో, మెట్టుకొక మాట ఉంది. టిక్కీలు దించారు. మచ్చు చూశారు. బేరం కుదిరింది. కాటా పడింది. పట్టీ రాశారు. డబ్బు ముట్టింది. ఒక్కొక్కటీ రెండేసి ముక్కలు. ఇంటి దగ్గరున్నవాళ్లకు ఫోను చేసి ‘కాటా పడింది’ అంటే చాలు, మిగతా కథ వాళ్లే అల్లుకుంటారు: ఇన్ని క్వింటాళ్లు తేలింది, పట్టీ రాయించుకుని ఫలానా బస్సుకు మనిషి బయలుదేరతాడు, అన్నం ఉంచాలి. అదే ‘బేరం కుదిరింది’ అన్నారనుకోండి, ఎవరూ అప్పుడే కుదుటపడరు. కాటా పడాలిగా అంటారు. ఏ మాటను ఎంతవరకు నమ్మాలో విన్నవాడికి తెలుసు. ఈ మాటల్ని ఏ కమిటీ కూర్చుని తయారు చేయలేదు. ఎవరి డబ్బు ఇరుక్కుని ఉందో వాళ్లే తయారు చేసుకున్నారు. ఫోనులో పెట్టిన ఆర్డరుకు కూడా ఇట్లాంటి మెట్లే గదా ఉన్నది? ‘ప్రాసెసింగ్’ అన్నది యార్డులో చెల్లదు. ఎవరైనా అని చూస్తే, “ఏం ప్రాసెసింగయ్యా, కాటా పడిందా లేదా?” అని అడుగుతారు.

ఆ చివరి మాట, ‘ముట్టింది’ – దాని దగ్గర కాస్త ఆగాలి. ప్రామిసరీ నోటు మీద పైకం ముట్టినట్టు రాసి సంతకం పెట్టేదెవరు? ఇచ్చినవాడు కాదు, పుచ్చుకున్నవాడు. మనియార్డరు రోజుల్లో కూడా పుచ్చుకున్నవాడి సంతకంతో చిన్న కాగితం ముక్క పంపినవాడికి తిరిగివచ్చేది. ఇప్పుడు తెర మీద ‘డెలివర్డ్’ అన్న మాట ఎవరిది? సంచి మోసుకొచ్చిన కుర్రవాడు బటను నొక్కితే పడేది. గేటు మీదుగా విసిరినా, పక్కింట్లో ఇచ్చినా, అసలు రాకుండానే సాయంత్రం లెక్క సరిపెట్టుకోవడానికి నొక్కినా తెర ఒకే మాట చెబుతుంది. ఆ కుర్రవాణ్ణి నేను తప్పుపట్టను; అతని బండి మీద ఎన్ని పార్సిళ్లున్నాయో, ఎన్ని ఊళ్లు తిరగాలో అతనికే ఎరుక. కాని ఇచ్చినవాడి మాటను పుచ్చుకున్నవాడి మాటగా చూపించడం మాత్రం న్యాయం కాదు. ‘ఇచ్చాం’ అని వారు చెప్పుకోవచ్చు. ‘ముట్టింది’ అని చెప్పవలసినవాళ్లం మనం. ఇవి రెండు వేర్వేరు లేబుళ్లు కావాలి. కొన్ని కంపెనీలు గుమ్మంలో ఓటీపీ అడుగుతున్నాయి. అది ‘ముట్టింది’కి దగ్గరి చుట్టం. అడగనివారు ‘ఇచ్చాం’ దగ్గరే ఆగాలి.

ప్రజల మాటను పట్టుకోవాలన్నది నేను కనిపెట్టిన సంగతేమీ కాదు. రాష్ట్రంలో అధికార భాషా చట్టం 1966లో వచ్చింది. 1974లో అధికార భాషా సంఘం ఏర్పడినప్పుడు దాని మొదటి అధ్యక్షులు మన సత్తెనపల్లి వావిలాల గోపాలకృష్ణయ్యగారే. అంతకు ముందే, 1962లో, భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలతో వెలువడింది. సేద్యంలో వాడే పనిముట్టును, చేసే పనిని ఏ ప్రాంతపు రైతు ఏమంటాడో రైతునే అడిగి రాసుకున్న పుస్తకం అది. యాప్‌కు తెలుగు చేసేవారు మాత్రం అడగవలసినవాణ్ణి అడగరు. నిఘంటువును అడుగుతారు, ఇప్పుడైతే యంత్రాన్ని అడుగుతారు.

సర్కారువారి తెరలు ఈ జబ్బుకు అతీతమనుకోకండి. 2019లో మొదలైన పీఎం కిసాన్ కింద రైతుకు ఏటా 6,000 రూపాయలు మూడు విడతలుగా వస్తాయి. విడత ఆలస్యమై స్టేటస్ చూసుకున్న రైతులకు ‘ఆర్‌ఎఫ్‌టీ సైన్డ్ బై స్టేట్’ అనో, ‘ఎఫ్‌టీఓ ఈజ్ జనరేటెడ్ అండ్ పేమెంట్ కన్ఫర్మేషన్ ఈజ్ పెండింగ్’ అనో కనిపిస్తూ వచ్చింది. మొదటిదానికి అర్థం, డబ్బు వేయమన్న కోరిక మీద రాష్ట్రం సంతకమైందని. రెండోదానికి, బదిలీ ఉత్తర్వు తయారైంది, చెల్లింపు ఖాయమైనట్టు కబురు రావాలని. ఇవి ఫైలు ఏ బల్ల మీద ఉందో గుమాస్తాకు చెప్పే మాటలు. రైతుకు కావలసింది వేరు: నేను ఊరికే కాచుకోవాలా, పనిగట్టుకుని బ్యాంకుకు పోవాలా? ‘పెండింగ్’ ఆ ప్రశ్నకు జవాబు చెప్పదు. మా కెమిస్ట్రీ ల్యాబులో లేబులు ఊడిన సీసాలో ఏముందో ఎవరమూ ఊహించం, వాడకుండా పక్కన పెట్టేస్తాం. తన డబ్బును పక్కన పెట్టేయడానికి రైతుకు వీల్లేదే!

రంగులతో సరిపెడదామనేవారికి ఒక్క మాట. పురుగుమందు డబ్బాల మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాలుంటాయి. విషం తీవ్రత ఆ వరసనే తగ్గుతుంది. ఆకుపచ్చ అంటే విషం తక్కువని గాని, లేదని కాదు. ఆ సంగతి తెలియక పచ్చరంగు చూసి ఉత్తచేతులతో మందు కలిపే మనిషి ఉండనే ఉంటాడు. యాప్‌లో ఆర్డరు తీసుకున్నప్పుడూ పచ్చ టిక్కే, వస్తువు ఇంటికొచ్చినప్పుడూ పచ్చ టిక్కే. పక్కన మాట లేకపోతే ఆ టిక్కు దేనికో ఎవరికి తెలుసు?

ఇంతా చదివి, అచ్చతెనుగు పెద్దలు నన్ను తమలో కలుపుకోవద్దని ప్రార్థన. ఆర్డరు, కొరియరు, పార్సిలు, క్యాన్సిలు – ఇవన్నీ మా ఊరి మాటలే. వీటికి సంస్కృత సమాసాలు కట్టే శ్రమ ఎవరూ తీసుకోనక్కరలేదు. నా మట్టుకు ‘అమ్మేవారు క్యాన్సిల్ చేశారు’ అన్నది ‘రద్దు చేయబడినది’ కంటే వెయ్యిరెట్లు తెలుగు.

కంప్యూటర్ సైన్సు మిత్రులకు ఒక కోరిక. ప్రాజెక్టు కింద మీరూ కొట్టు యాప్‌లు, మెస్ యాప్‌లు తయారు చేస్తుంటారు. లేబుళ్లన్నీ ఇంగ్లీషులో రాసేసి, ఆఖరి రోజు రాత్రి వాటికి తెలుగు అతికించకండి. సంక్రాంతికి ఇంటికి పోయేటప్పుడు ఆ పది మాటలూ కాగితం మీద రాసుకుపోయి, ‘ఇది చూస్తే నువ్వేం చేస్తావు?’ అని ఇంట్లోవాళ్లను అడగండి. ‘అర్థమైందా?’ అని మాత్రం అడగొద్దు; పిల్లాడు చిన్నబుచ్చుకుంటాడని అయిందనే అంటారు.

దసరా సెలవుల్లో నేను ఒకటి అడిగి చూశాను. ‘డెలివరీ ప్రయత్నం విఫలమైనది’ అన్న లేబులు మా అమ్మకు చూపించాను. “ఎవరు ఫెయిలయ్యారు?” అంది. ఇంటికొచ్చి, మనం లేమని తిరిగిపోయారని దాని అర్థమమ్మా అన్నాను. “అట్టయితే ‘వచ్చాం, ఇంట్లో ఎవరూ లేరు’ అని రాయొచ్చుగా!” అంది. నాలుగు మాటలు! అంతటితో ఆగక ఇంకోటి కూడా అంది: “ఎన్నింటికొచ్చాడో కూడా రాయమను. నేను పొద్దస్తమానం ఇంట్లోనే ఉన్నాగా.”